గద్దె కోసం వాళ్ల కొట్లాట, సర్వర్ డౌన్ మాత్రం మనకు

పోస్టు పెద్దగనే ఉంది, కొంచెం ఓపికతో చదవండి. ఒప్పుకోని వాళ్లు కింద రాయండి, మాట్లాడుకుందాం.

ఈమధ్య మన గ్రూపులో దేశాల గొడవల మీద పోస్టులు ఎక్కువైనయి. ఎవరి సర్వర్లు ఎవరు పడగొట్టారు, ఏ దేశంలో ప్రభుత్వం ఎప్పుడు కూలుతుంది అని క్రికెట్ స్కోరు లెక్క పెడుతున్నరు. ఒక పోస్టు కింద ఒక తమ్ముడు రాసిండు: "అన్నా, మనకు ఫీజు రీయింబర్స్‌మెంటే రాలేదు, ఈ సైబర్ వార్ మనకెందుకు?" అని. నవ్వుతూ చాలామంది లైకులు కొట్టారు. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందే. నా జవాబు ఏందంటే, ఈ యుద్ధం సంగతి హైటెక్ సిటీలో పనిచేసే వాళ్ల కన్నా మనమే ఎక్కువ తెలుసుకోవాలి. వాళ్లకు ఒక రోజు సర్వర్ ఆగితే ఇంకో కార్డు ఉంటది, ఇంకో బ్యాంకు ఉంటది, ఇన్వర్టర్ ఉంటది. మన ఇంట్లో బియ్యం, అవ్వ పింఛను, పోడు పట్టా, మన స్కాలర్‌షిప్ అన్నీ ఒక్క తీగకే కట్టి ఉన్నయి. ఆ తీగను ఎవరు తెంపినా మొదట పస్తులుండేది మనమే.

నేను బోరబండలో హాస్టల్లో ఉండి డిగ్రీ కంప్యూటర్స్ చదువుతున్న. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, కోయ కుటుంబం. మా ఇంట్లో కాలేజీ గడప ఎక్కింది నేనే మొదలు. బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్ నుంచి హైటెక్ సిటీ ఒక్క స్టేషనే. ఇక్కడ ఇరుకు గల్లీలు, అక్కడ అద్దాల మేడలు. ఆ మేడల్లో జీతం తీసుకునే వాళ్లు తక్కువ, ఆ మేడలను ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, అన్నం పార్శిళ్లు మోసేవాళ్లు మా బోరబండలో ఎక్కువ. నేను నిపుణుణ్ణి కాదు, చదివింది, క్లాసులో నేర్చుకున్నది మనకర్థమయ్యే మాటల్లో చెప్తున్న.

ముందుగా అసలు సైబర్ యుద్ధం అంటే ఏందో చూద్దాం. ఫోన్ చేసి ఓటీపీ అడిగి డబ్బు లాగేది సైబర్ నేరం. ఒక దేశం ఇంకో దేశం కరెంటు, బ్యాంకు, ఆస్పత్రి, ఆయుధాల ఫ్యాక్టరీల కంప్యూటర్లలోకి దొంగతనంగా చొరబడి, సమాచారం ఎత్తుకపోవడమో, అవసరమొచ్చినప్పుడు ఆపేయడానికి లోపల కూర్చోవడమో చేస్తే అది సైబర్ యుద్ధం. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ దీనికి పెద్ద ఉదాహరణ. ఇరాన్‌లో నతాంజ్ అనే చోట యురేనియం శుద్ధి చేసే యంత్రాలున్నయి. ఈ స్టక్స్‌నెట్ అనే పురుగు వాటి కంట్రోలర్లలోకి దూరి, యంత్రాలను ఇష్టమొచ్చిన వేగంతో తిప్పి పాడుచేసింది. అంతసేపూ ఆపరేటర్ ముందున్న తెర మీద మాత్రం అంతా మామూలుగనే ఉన్నట్టు చూపించింది. అమెరికా, ఇజ్రాయెల్ కలిసి చేశాయని పత్రికలు రాశాయి. ఆ రెండు దేశాలూ అధికారికంగా ఒప్పుకోలేదు. ఇంకో సంగతి వినండి. ఆ పురుగు ఇరాన్‌తో ఆగలేదు. సిమాంటెక్ అనే భద్రతా సంస్థ అప్పట్లో వేసిన లెక్కలో ఇరాన్, ఇండోనేషియా తర్వాత ఎక్కువ కంప్యూటర్లకు సోకింది మన దేశంలోనే. మనకు ఆ గొడవతో ఏ సంబంధం లేదు. అయినా సోకింది. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. అందులో సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు కూడా ఉన్నారు. అది మనందరికీ గుర్తుంది. కానీ ఆ ఘర్షణ మంచు కొండల దగ్గరే ఆగలేదన్న సంగతి చాలామందికి తెలీదు. 2021 ఫిబ్రవరి చివర్లో రికార్డెడ్ ఫ్యూచర్ అనే అమెరికా సంస్థ ఒక రిపోర్టు ఇచ్చింది. చైనాతో సంబంధం ఉన్న ఒక హ్యాకర్ల ముఠా మన దేశ కరెంటు వ్యవస్థలోని సంస్థలను, ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్లను గురిపెట్టిందని అందులో ఉంది. చైనా ఆ మాటను కొట్టిపారేసింది. అదే మార్చి మొదట్లో మన తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలకు కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ నుంచి హెచ్చరిక వచ్చింది. దాదాపు 40 సబ్‌స్టేషన్ల వ్యవస్థలోకి చొరబడే ప్రయత్నం జరుగుతోందని అప్పుడు పేపర్లలో వచ్చింది. మనోళ్లు అనుమానం ఉన్న ఐపీ అడ్రసులను బ్లాక్ చేసి, పాస్‌వర్డులు మార్చి, ప్రయత్నాన్ని అడ్డుకున్నామని చెప్పారు.

జెన్‌కో అంటే ఎవరో కాదు. పాల్వంచలో ఉన్న కేటీపీఎస్, మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం జెన్‌కోవే. బొగ్గు మన నేల కిందిది, నీళ్లు మన గోదావరివి, బూడిద పడేది మన ఊళ్ల మీద. అక్కడ పుట్టిన కరెంటు తీగల మీద నడిచొచ్చి ఈ హైటెక్ సిటీని వెలిగిస్తది. అంటే లడఖ్‌లో రెండు దేశాలు కొట్లాడితే, ఎక్కడో కూర్చున్న హ్యాకర్ మ్యాప్ మీద వెతికే చోట్లలో మన పాల్వంచ, మన మణుగూరు లాంటి ఊళ్లు కూడా ఉంటాయి. సరిహద్దు దూరంగ ఉంది, మనకేం గాదు అనే మాట ఇంక చెల్లదు.

కరెంటు తీస్తే ఏమైతదో ఉక్రెయిన్ చూసింది. 2015 డిసెంబర్ 23న అక్కడి మూడు కరెంటు పంపిణీ సంస్థల కంప్యూటర్లలోకి హ్యాకర్లు దూరి స్విచ్చులు ఆపేశారు. ఆపరేటర్లు చూస్తుండగానే తెర మీద మౌస్ దానంతట అదే కదిలింది. దాదాపు 2.25 లక్షల కనెక్షన్లకు చలికాలంలో కరెంటు పోయింది. ఇది రష్యా వాళ్ల పనేనని ఉక్రెయిన్ చెప్పింది. నాకు ఈ కథలో నచ్చింది దాడి కాదు, దాని తర్వాత జరిగింది. అక్కడి సబ్‌స్టేషన్లలో ఇంకా చేత్తో తిప్పే పాత స్విచ్చులు ఉన్నయి. సిబ్బంది బండ్లేసుకుని పోయి, చేత్తో స్విచ్చులు ఎక్కించారు. కొన్ని గంటల్లోనే కరెంటు వచ్చింది. కంప్యూటర్ చచ్చిపోయినా మనిషి చెయ్యి పనిచేసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఇప్పుడు రెండో సంగతి. గద్దె దించడం. ఒక దేశం తనకు నచ్చని ఇంకో దేశ ప్రభుత్వాన్ని కూలగొట్టడం కంప్యూటర్లతో మొదలు కాలేదు. 1951లో ఇరాన్ ప్రధాని మొసాదిక్ తమ దేశ చమురును జాతీయం చేసిండు. చమురు మీద బతికే బ్రిటన్‌కు కోపమొచ్చింది. 1953 ఆగస్టు 19న అమెరికా, బ్రిటన్ గూఢచారులు కలిసి ఆయన్ను దింపేశారు. పత్రికలకు డబ్బులిచ్చి రాతలు రాయించారు, కిరాయి గుంపులను రోడ్డెక్కించారు. అరవై ఏళ్ల తర్వాత 2013లో బయటపెట్టిన కాగితాల్లో సీఐఏ ఇది తన పనేనని ఒప్పుకున్నది. నేల కింద సంపద ఉన్నోడి ఇంటికే దొంగ వస్తడనేది మనకు వేరేగా చెప్పక్కర్లేదు.

అప్పుడు పత్రికలు, కిరాయి గుంపులు. ఇప్పుడు అదే పని ఫోన్లు, సర్వర్లతో చేద్దామని చూస్తున్నరు. మళ్లీ ఇరాన్‌నే చూడండి. 2021 అక్టోబర్ 26న ఇరాన్ మొత్తంలో పెట్రోల్ బంకులు ఒక్కసారిగా ఆగిపోయినయి. అక్కడ ప్రజలకు ప్రభుత్వం స్మార్ట్ కార్డు ఇస్తది, ఆ కార్డు గీకితే తక్కువ ధరకు కోటా పెట్రోలు వస్తది. మన రేషన్ కార్డు లాంటిదే అనుకోండి. హ్యాకర్లు ఆ కార్డు వ్యవస్థను కొట్టారు. అంతకు రెండేళ్ల ముందు 2019 నవంబర్‌లో పెట్రోలు ధర పెంచితే అక్కడ పెద్ద గొడవలు జరిగినయి. ఆ కోపం మళ్లీ లేవాలని కొట్టిన దెబ్బ ఇదని చాలామంది అనుకున్నరు. 2023 డిసెంబర్‌లో మళ్లీ అదే జరిగింది, దాదాపు 70 శాతం బంకులు ఆగినయి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్‌తో 12 రోజుల యుద్ధం జరిగినప్పుడు సెపా అనే ప్రభుత్వ బ్యాంకును కొట్టారు. ఈ దాడులు మావేనని చెప్పుకున్న ముఠా, తమ గొడవ ప్రభుత్వంతోనే అన్నట్టు మాట్లాడింది. కానీ బంకు ముందు గంటలు గంటలు నిలబడ్డది మంత్రులా? ట్యాక్సీ తోలుకునేటోడు. బ్యాంకు నుంచి జీతం తీసుకోలేక తిరిగింది ఎవరు? మామూలు ఉద్యోగి, పింఛనుదారు. ఆ దాడుల వల్ల ప్రభుత్వం పడిపోలేదు. పైగా ఆ జూన్‌లోనే ఇరాన్ ప్రభుత్వం, శత్రువు దాడి చేస్తున్నడని చెప్పి, సొంత ప్రజలకే ఇంటర్నెట్ కట్ చేసింది. బయటోడు సర్వర్ పడగొట్టిండు, లోపలోడు వైరు తీసేసిండు. ఇద్దరి మధ్యలో ఇంట్లోవాళ్లు బతికున్నరో లేదో తెలుసుకోలేక జనం అల్లాడారు.

ఆ పెట్రోలు కార్డు తీసేసి మన ఊరి రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ పెట్టి చూడండి. అప్పుడు అర్థమైతది ఈ యుద్ధం మనకెందుకో.

మా అవ్వ వయసంతా తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి, నాట్లేసి వేళ్ల గీతలన్నీ అరిగినయి. మిషన్ మీద వేలు పెడితే నాలుగైదు సార్లకు గానీ పట్టదు. కొన్నిసార్లు వేలు పట్టినా సిగ్నల్ పట్టదు. "సర్వర్ డౌన్, రేపు రా" అంటరు. రేపు అంటే ఇంకో రోజు కూలి పోవుడు, ఇంకోసారి ఆరు కిలోమీటర్లు నడుచుడు. ఏ హ్యాకరూ రాకుండానే మా దగ్గర ఇది మామూలు సంగతి. ఇక నిజంగా ఒక శత్రు దేశం కొడితే? ఒక పూట కాదు, రెండు వారాలు ఆగితే?

రెండు వారాలు అనేది ఊరికే అన్న మాట కాదు. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రి సర్వర్ల మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడిందని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. దాదాపు రెండు వారాలు ఓపీ చీటీలు, రిపోర్టులు అన్నీ చేత్తో రాయాల్సి వచ్చింది. డబ్బున్నోడు ప్రైవేటుకు పోతడు. బిహార్ నుంచి, జార్ఖండ్ నుంచి రైలెక్కి వచ్చి ఫుట్‌పాత్ మీద పడుకున్న పేదోడు ఎక్కడికి పోతడు? మన దగ్గర కూడా 2019 మే మొదట్లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇలాంటి దాడితోనే ఆగినయి. అప్పుడు ఆగింది ఆన్‌లైన్ బిల్లులు కట్టడం లాంటివి కాబట్టి ఎవరికీ పెద్దగ గుర్తులేదు. బియ్యం ఆగితే గుర్తుంటది.

భూమి సంగతి కూడా అంతే. మన తాతలకు పట్టా అంటే ఇనప పెట్టెలో దాచిన కాగితం. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని జాగాలో భూభారతి వచ్చింది. ఇప్పుడు భూమి ఎవరిదో చెప్పేది కంప్యూటరే. 1/70 చట్టం ఎంత గట్టిదైనా, రికార్డులో పేరు మారితే మళ్లీ సరిచేయించుకోవడానికి ఎన్నేళ్లు తిరగాల్నో మన పెద్దోళ్లనడగండి. దాని మీద ఎవరైనా బయటి దేశం దాడి చేయాలని నేను అనట్లేదు. లోపల ఒక దొంగ చెయ్యి చాలు. బయటి శత్రువు కోసం కట్టే గోడ లోపలి దొంగను కూడా ఆపాలి. ఆ రెండో పని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక్కడ ఒక అన్న అడగొచ్చు: "అయితే మిషన్లు తీసేయమంటవా? పాత రోజుల్లో డీలర్ దొంగ సంతకాలు పెట్టి మన బియ్యం అమ్ముకోలేదా?" అని. నిజమే, అమ్ముకున్నరు. మిషన్ వచ్చాక ఆ దోపిడీ కొంత తగ్గింది, నేను కాదనను. బోరబండలో మన జిల్లాల నుంచి కూలికొచ్చిన కుటుంబాలు ఊళ్లో కార్డు పెట్టుకుని ఇక్కడ షాపులో బియ్యం తీసుకుంటున్నయి. ఆన్‌లైన్ లేకపోతే అది కాదు. కాబట్టి మిషన్ వద్దని కాదు నా వాదన. మిషన్ ఒక్కటే దారి కావద్దు అని. ఉక్రెయిన్‌లో కరెంటు తిరిగొచ్చింది చేత్తో తిప్పే స్విచ్ ఉండబట్టే. మన రేషన్ షాపులో ఆ స్విచ్ ఏది?

ఆ స్విచ్ కాగితం మీద ఉంది. ఆధార్ లింకు లేదని జార్ఖండ్‌లో కార్డులు కొట్టేసి పెద్ద గొడవైన తర్వాత, 2017 అక్టోబర్‌లో కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. వేలిముద్ర పడలేదని, నెట్ లేదని, ఆధార్ కలవలేదని అర్హులెవరికీ రేషన్ ఆపొద్దు, అలాంటి వాళ్లకు వేరే రిజిస్టర్లో రాసి ఇవ్వాలి అని. మన ఊళ్లల్లో ఎంతమందికి ఆ రిజిస్టర్ సంగతి తెలుసు? నేను మా ఊళ్లో అడిగిన ఒక్కరికీ తెలీదు. సైబర్ భద్రత అంటే ఢిల్లీలో, గచ్చిబౌలిలో ఏసీ గదుల్లో కూర్చుని తెరలు చూడటమే కాదు. నెట్ చచ్చిన రోజు డీలర్ ఆ రిజిస్టర్ తీసి రాసివ్వడం కూడా సైబర్ భద్రతే. నా లెక్కలో అదే మొదటిది.

మూడో సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. సైబర్ దాడి అనే భయం పాలించేవాళ్లకు కూడా బాగా పనికొస్తది. వెనెజువెలాలో 2019 జనవరిలో ప్రతిపక్ష నాయకుడు గ్వాయిడో నేనే అధ్యక్షుణ్ణి అని ప్రకటించుకున్నడు, అమెరికా ఆయన వెనక నిలబడ్డది. మార్చి 7న దేశమంతా చీకటైంది, చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు రాలేదు. మదురో ప్రభుత్వం ఇది అమెరికా సైబర్ దాడి అన్నది. చాలామంది ఇంజనీర్లు మాత్రం ఏళ్ల తరబడి లైన్లు, కేంద్రాలు పట్టించుకోకపోవడం వల్లే ఇట్లయిందన్నరు. సైబర్ దాడి అనడానికి గట్టి రుజువేదీ చూపలేదు. చూడండి, శత్రువు నిజంగానే ఉన్నడు, గద్దె దించాలని నిజంగానే చూస్తున్నడు. అదే సమయంలో ఇంటి పైకప్పు బాగుచేసుకోనోడు కూడా వానను తిట్టి తప్పించుకోవచ్చు. రెండూ ఒకేసారి నిజం కావొచ్చు. రేపు మన దగ్గర స్కాలర్‌షిప్ నెలల తరబడి ఆగితే, "సర్వర్ మీద దాడి" అని చెప్తే నమ్మాల్నా వద్దా? రుజువు అడగాలి. ఏ రోజు ఆగింది, ఎప్పుడు బాగైతది, అప్పటిదాకా చేత్తో ఎట్ల ఇస్తరు అని అడగాలి.

నిఘా సంగతి మన హైదరాబాద్‌లోనే చూసినం. ఎస్ఐబీ అనే పోలీసు విభాగం మావోయిస్టుల మీద నిఘా కోసం పుట్టింది. అంటే ఆ పనిముట్లు మొదట తిరిగింది మన అడవుల మీద, మన ఊళ్ల మీద. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారిన తర్వాత, 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్లో ఒక కేసు నమోదైంది. ఆ విభాగంలో కొందరు అధికారులు ప్రతిపక్ష నాయకులు, ఇంకా వేరే వాళ్ల ఫోన్లు విన్నారని, ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. నేరమో కాదో తేల్చాల్సింది కోర్టు. నేను చెప్పేది ఒక్కటే. శత్రువు కోసమని కొన్న కత్తి ఎవరి మెడ మీదికి వస్తదో ముందు చెప్పలేం. అడవిలో మన మీద వాడినప్పుడు నగరం మాట్లాడలేదు, నగరం మీదికి వచ్చిందనేసరికి అది కుంభకోణం అయింది.

మరి ప్రభుత్వాలు మారొద్దా? మారాలి, కానీ ఆ ప్రజల చేతుల మీదుగా మారాలి. నేపాల్ చూడండి. 2025 సెప్టెంబర్ 4న అక్కడి ప్రభుత్వం 26 సోషల్ మీడియా యాప్‌లను నిషేధించింది. 8న మన వయసు పిల్లలు రోడ్డెక్కారు. ఆ ఒక్క రోజే పోలీసు కాల్పుల్లో 19 మంది చనిపోయారు. 9న ప్రధాని ఓలీ దిగిపోయిండు. 12న మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ ప్రమాణం చేశారు. ఆమె పేరు మీద యువకులు డిస్కార్డ్ యాప్‌లో ఓట్లు కూడా వేసుకున్నరు. వెంటనే మన దగ్గర టీవీల్లో, ఇది ఫలానా దేశం కుట్ర అని మొదలైంది. బయటోళ్లు కళ్లు పెట్టి ఉండొచ్చు. కానీ ఉద్యోగం లేక గల్ఫ్‌కు పోయే యువకుడి కోపాన్ని ఏ హ్యాకర్ తయారుచెయ్యలేడు. ప్రశ్నించిన ప్రతివాణ్ణీ విదేశీ ఏజెంట్ అనడం మనకు బాగా తెలిసిన పద్ధతే కదా. పోడు భూమి అడిగితే ఏ పేరు పెట్టారో మర్చిపోలేదు.

తెలుగు నేల మీద కూడా గద్దె దించిన కథ ఉంది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేసిండు. జనం ఒప్పుకోలేదు. నెల రోజుల గొడవ తర్వాత సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ కుర్చీ ఎక్కిండు. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు, వాట్సాప్ లేదు. ఇప్పుడు అన్నీ ఉన్నయి. మా బోరబండ ఉన్న జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో 2025 నవంబర్ 11న ఉప ఎన్నిక జరిగితే సగం మంది కూడా ఓటెయ్యలేదు. రోజంతా ఫోన్లో ఇరాన్ ప్రభుత్వం ఎప్పుడు పడుతుందా అని చూసే మనం, ఇంటి పక్క బూత్‌కు పోకపోతే మన ప్రభుత్వాన్ని మార్చడానికి ఏ విదేశీ హ్యాకర్ అవసరం లేదు.

ఇక మన చేతుల్లో ఉన్న పనులు. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు హాస్టల్ గ్రూపులు ఎట్లున్నయో గుర్తుందా? పాకిస్తాన్ సైబర్ దాడితో మన దేశంలో 70 శాతం కరెంటు గ్రిడ్ పోయిందని ఒకటి, ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తరని ఇంకొకటి తిరిగినయి. రెండూ అబద్ధమని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పింది. నిజానికి ఆ రోజుల్లో మన వెబ్‌సైట్ల మీద దాడులు చాలా జరిగినయి. పదిహేను లక్షల దాడుల్లో 150 మాత్రమే లోపలికి రాగలిగాయని మహారాష్ట్ర సైబర్ విభాగం తర్వాత లెక్క చెప్పింది. అంటే సర్వర్ల మీద గెలవలేనోడు కూడా మన బుర్రల్లో గెలవొచ్చు. ఒక ఫార్వర్డ్ చూసి వందమంది ఏటీఎంకు ఉరికితే శత్రువుకు సర్వర్ పడగొట్టే పనే లేదు.

ఇంకా ముఖ్యమైంది. హాస్టళ్ల చుట్టూ కొందరు తిరుగుతున్నరు. "నీ బ్యాంకు అకౌంట్ నెల రోజులు ఇయ్యి, ఐదు వేలు ఇస్తం", "నీ ఆధార్ మీద రెండు సిమ్‌లు తీసియ్యి" అని అడుగుతరు. స్కాలర్‌షిప్ రాక చెయ్యి ఖాళీగ ఉన్నోడికి ఐదు వేలు పెద్ద మొత్తమే. కానీ ఆ అకౌంట్‌లోకి వచ్చేది ఎవరినో మోసం చేసిన డబ్బు. అది ఎన్ని దేశాలు దాటి ఎవరి చేతికి పోతుందో మనకు తెలీదు. పోలీసులు వచ్చేది మాత్రం మన పేరు వెతుక్కుంటూ. 2019 డిసెంబర్‌లో విశాఖలో ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని ఒక కేసు బయటపడింది. సోషల్ మీడియాలో పరిచయమైన అమ్మాయిల పేరుతో పాకిస్తాన్ గూఢచారులు వల వేస్తే, ఏడుగురు నావికాదళ సిబ్బంది యుద్ధ నౌకల సమాచారం ఇచ్చారని అరెస్టు చేశారు. యూనిఫాం వేసుకున్నోళ్లకే వల వేశారంటే, చేతిలో పైసా లేని హాస్టల్ పిల్లలను పట్టడం ఎంత పని? ఎవరైనా అకౌంట్ అడిగితే గ్రూపులో చెప్పండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే భయపడి దాచకండి, బ్యాంకుకు పోయి ఆపించండి, 1930కి ఫోన్ చెయ్యండి.

మనం కలిసి అడగాల్సినవి నాలుగున్నయి. ఒకటి, నెట్ లేని రోజు, వేలు పడని రోజు రేషన్, పింఛను చేత్తో రాసి ఇచ్చే పద్ధతి ప్రతి షాపులో ఉండాలి, ఆ సంగతి గోడ మీద తెలుగులో రాసిపెట్టాలి. మన గూడేల్లో మన భాషలో దండోరా వేయించాలి. రెండు, భూమి రికార్డుల నకలు ప్రతి సంవత్సరం కాగితం మీద గ్రామసభ ముందు చదివి, పంచాయతీలో ఒక ప్రతి ఉంచాలి. ఏజెన్సీలో పెసా చట్టం గ్రామసభకు బలమిచ్చింది, దాన్ని వాడుకుందాం. మూడు, భద్రత పేరు చెప్పి మన ప్రాంతాల్లో ఇంటర్నెట్ ఆపితే ఆర్డర్ చూపించాలి. 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, నెట్ నిరవధికంగా ఆపరాదు, ఆపిన ఉత్తర్వు బయటపెట్టాలి అని. నాలుగు, సైబర్ భద్రత కోర్సులు గచ్చిబౌలి కాలేజీలకే కాదు, ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం డిగ్రీ కాలేజీలకు కూడా రావాలి.

నాలుగోది కొలువు కోసం మాత్రమే అడగట్లేదు. మన ఊరి సబ్‌స్టేషన్‌కు, మన షాపు మిషన్‌కు, మన పట్టా సర్వర్‌కు కాపలా కాసేవాళ్లలో మనోళ్లు ఒక్కరూ లేకపోతే, ఏది ముందు కాపాడాలో వేరేవాళ్లే నిర్ణయిస్తరు. వాళ్ల లిస్టులో బ్యాంకులు ముందుంటాయి, స్టాక్ మార్కెట్ ముందుంటది. అవ్వ వేలిముద్ర చివర్లో ఉంటది, లేకపోతే అసలు ఉండదు. అవ్వను తెలిసినోడు ఆ గదిలో ఒక్కడన్నా ఉండాలి.

సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక పని చెయ్యండి. మీ రేషన్ షాపుకు పోయి, "మిషన్ పనిచెయ్యని రోజు రాసే రిజిస్టర్ ఉందా, చూపించు" అని మర్యాదగా అడగండి. ఉందన్నరా, లేదన్నరా, అదేందో తెలీదన్నరా, ఊరి పేరుతో సహా ఈ పోస్టు కింద రాయండి. యాభై ఊళ్ల జవాబులు వస్తే కాగితం మీద పెట్టి కలెక్టర్లకు, ఐటీడీఏ పీవోలకు ఇద్దాం. రాత నేను రాస్తా, సంతకాలకు మీరు రండి.

జోహార్.
బోరబండ హాస్టల్ నుంచి, మీ తమ్ముడు